పరీక్షలో వ్యాకరణం వస్తుంది, నోట మాట రాదు: రెండో భాష నేర్పడంపై పరిశోధన ఏం చెబుతోంది?

ఏళ్ల తరబడి ఒక భాషను సబ్జెక్టుగా చదివి, మంచి మార్కులు తెచ్చుకున్నవారు కూడా ఆ భాషలో నాలుగు వాక్యాలు మాట్లాడాల్సి వస్తే తడబడతారు. అస్తమానం వ్యాకరణం నేర్పడం వల్లే ఇలా అయిందని కొందరంటారు. వ్యాకరణం గట్టిగా నేర్పకపోవడం వల్లేనని మరికొందరంటారు. యాప్‌లు, స్పోకెన్ కోర్సుల ప్రకటనలు ఈ రెంటిలో ఏదో ఒక మాటను పట్టుకుని నడుస్తాయి. 50 ఏళ్లకు పైగా సాగుతున్న పరిశోధనను చూస్తే ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది. ఏ పద్ధతి ఏ సామర్థ్యాన్ని పెంచుతుందన్న ప్రశ్నను మాత్రం ఇద్దరూ వదిలేస్తున్నారు.

క్లుప్తంగా

నియమం తెలియడం, దాన్ని మాట్లాడే వేగంలో వాడగలగడం వేర్వేరు సామర్థ్యాలు. మొదటిది వివరణతో వస్తుంది, రెండోది వాడకంతో వస్తుంది. అర్థమయ్యే భాషను బాగా వినడం, చదవడం తప్పనిసరే గానీ అదొక్కటే చాలదు. తప్పును ఎలా దిద్దారన్నదాన్ని బట్టి విద్యార్థి దాన్ని పట్టించుకుంటాడో లేదో తేలుతుంది. పదాలను మళ్లీ మళ్లీ చదవడం కన్నా ఎడం ఇచ్చి గుర్తుతెచ్చుకోవడం మేలు. చిన్న వయసులో మొదలుపెట్టడం వల్ల వచ్చే లాభం, వారానికి కొన్ని పీరియడ్లు మాత్రమే ఉండే తరగతిలో దాదాపు కనిపించదు.

తెలియడం వేరు, వాడటం వేరు

ఇంగ్లీషులో 'హి', 'షి' తర్వాత వర్తమాన కాల క్రియ చివర 'స్' చేర్చాలన్న నియమం ఒక్క పీరియడ్‌లో అర్థమైపోతుంది. ఖాళీలు పూరించమంటే విద్యార్థి 'షి వర్క్స్' అని తప్పులేకుండా రాస్తాడు. కాసేపటికి తోటివారితో మాట్లాడుతూ 'షి వర్క్ ఇన్ ఎ బ్యాంక్' అంటాడు. అతను నియమం మరిచిపోలేదు. ఖాళీ పూరించేటప్పుడు దృష్టంతా ఆ ఒక్క క్రియ మీదే ఉంది, ఆలోచించుకునే వ్యవధీ ఉంది. మాట్లాడేటప్పుడు ఏం చెప్పాలి, ఏ పదం వాడాలి, ఎదుటివారికి అర్థమవుతోందా అన్నవన్నీ ఒకేసారి చూసుకోవాలి. నియమాన్ని వెతికి తెచ్చుకునేలోపు వాక్యం అయిపోతుంది.

అడిగితే వివరించగలిగిన జ్ఞానాన్ని వ్యక్త జ్ఞానమని, ఆలోచించకుండానే నోట పలికించేదాన్ని అవ్యక్త జ్ఞానమని పరిశోధకులు అంటారు. మొదటిది రెండోదిగా మారుతుందా అన్నదానిపై చాలాకాలంగా వాదన ఉంది. మారదని స్టీఫెన్ క్రాషెన్ 1980ల నుంచీ చెబుతూ వచ్చారు. తగినంత సాధన చేస్తే దాదాపు అంత వేగంగానూ వాడవచ్చని రాబర్ట్ డీకైజర్ వంటివారి వాదన.

ఆ సాధన ఎలాంటిదన్నదే ముఖ్యం. డీకైజర్ 1997లో ప్రచురించిన ప్రయోగంలో కొందరికి ఒక చిన్న కృత్రిమ భాష నియమాలను వివరించి, వారాల తరబడి సాధన చేయించారు. కొన్ని నియమాలకు వాక్యాన్ని అర్థం చేసుకునే సాధన ఇచ్చారు, మరికొన్నిటికి వాక్యం తయారుచేసే సాధన ఇచ్చారు. రెంటిలోనూ వేగం పెరిగింది, తప్పులు తగ్గాయి. అయితే ఆ మెరుగుదల ఎక్కువగా సాధన చేసిన వైపే కనిపించింది. ఒక నియమాన్ని అర్థం చేసుకోవడంలో ఆరితేరినవారు అదే నియమంతో వాక్యం కట్టడంలో అంతగా ముందుకు వెళ్లలేదు. ఖాళీలు పూరించే అభ్యాసం ఖాళీలు పూరించే నైపుణ్యాన్ని పెంచుతుందన్న సామాన్యమైన మాటకు ఇదే ప్రయోగపూర్వకమైన ఆధారం.

ఎన్.ఎస్. ప్రభు నేతృత్వంలో 1979 నుంచి 1984 వరకు దక్షిణ భారతంలో సాగిన బెంగళూరు ప్రాజెక్టులోనూ ఇదే తేలింది. అక్కడ వ్యాకరణ పాఠాలు లేవు. మ్యాపులో దారి కనుక్కోవడం, రైళ్ల టైమ్‌టేబుల్ చూసి లెక్కలు తేల్చడం వంటి పనులనే ఇంగ్లీషులో చేయించారు. అలన్ బెరెట్టా, అలన్ డేవిస్ మదింపు చేసినప్పుడు, వ్యాకరణ నిర్మాణాల పరీక్షలో పాత పద్ధతి విద్యార్థులు, పనులతో కూడిన పరీక్షలో ప్రాజెక్టు విద్యార్థులు ముందున్నారు. 'ఏ పద్ధతి మంచిది' అన్న ప్రశ్నకు వచ్చే సమాధానంలో సగం, పరీక్ష ఎలాంటిదన్నదాని మీదే ఆధారపడుతుంది.

2000లో జాన్ నోరిస్, లూర్డెస్ ఒర్టేగా 49 అధ్యయనాలను కలిపి చేసిన విశ్లేషణను కూడా ఈ జాగ్రత్తతోనే చదవాలి. నియమాన్ని వివరించి నేర్పిన బోధన ప్రభావం 1.13గా, వివరించకుండా నేర్పినదాని ప్రభావం 0.54గా తేలింది (ఆ బోధన పొందినవారికీ పోలిక బృందానికీ మధ్య తేడా ఎంతో చెప్పే కొలత ఇది, సంఖ్య పెద్దదైతే తేడా పెద్దది). వివరణకు ఇది పెద్ద బలమే. కానీ ఆ అధ్యయనాల్లో ఎక్కువ భాగం ఆలోచించి సమాధానం రాసే పరీక్షలనే వాడాయి, అవి వ్యక్త జ్ఞానానికి అనుకూలమైనవి. 2010లో నీనా స్పాడా, యసుయో తొమితా చేసిన మరో విశ్లేషణలో స్వేచ్ఛగా మాట్లాడే సందర్భాల్లోనూ వివరణకు ఫలితం కనిపించింది. కాబట్టి వ్యాకరణం చెప్పడమే దండగ అన్న మాటకు ఆధారం లేదు. వివరణ దగ్గరే ఆగిపోతేనే చిక్కు.

వింటే చాలా?

మన స్థాయికి ఒక్క మెట్టు పైన ఉండి, అర్థమయ్యే భాష పుష్కలంగా చెవిన పడితే మిగతాది దానంతటదే వస్తుందన్నది క్రాషెన్ సిద్ధాంతం. దీనికి అనుకోకుండా పెద్ద పరీక్ష పెట్టినవి కెనడాలోని ఫ్రెంచ్ ఇమ్మర్షన్ బడులు. 1965లో మాంట్రియల్ దగ్గరి సెయింట్ లాంబర్ట్‌లో మొదలైన ఈ పద్ధతిలో, ఇంగ్లీషు మాట్లాడే పిల్లలకు లెక్కలు, సైన్సు సహా ఎక్కువ పాఠాలు ఫ్రెంచ్‌లోనే చెబుతారు. ఏళ్ల తరబడి రోజూ గంటల కొద్దీ అర్థమయ్యే ఫ్రెంచ్ వాళ్ల చెవిన పడింది. వినడంలో, చదవడంలో వాళ్లు ఫ్రెంచ్ మాతృభాషగా ఉన్న పిల్లలకు దగ్గరగా వచ్చారు. మాట్లాడేటప్పుడు మాత్రం లింగం, క్రియా రూపాల వంటివాటిలో తప్పులు అలాగే ఉండిపోయాయి. మెరిల్ స్వెయిన్ 1985లో దీన్నే ఎత్తి చూపారు.

దీనికి కారణం వినే తీరులోనే ఉంది. 'నిన్న' అన్న మాట వినగానే జరిగిపోయిన సంగతని తెలిసిపోతుంది, ఇక క్రియ చివర భూతకాల ప్రత్యయాన్ని పట్టించుకోవాల్సిన పనిలేదు. అర్థం అందేసరికి రూపం మీద దృష్టి పోదు. పదాల వరసతో కర్త ఎవరో చెప్పే భాషల నుంచి తెలుగు నేర్చుకోవడానికి వచ్చినవారు 'కుక్కని పిల్లి తరిమింది' అన్న వాక్యం విని, కుక్కే తరిమిందనుకోవడానికి ఆస్కారం ఎక్కువ. మొదట వచ్చిన నామవాచకమే కర్త అన్న పాత అలవాటు, చివరనున్న చిన్న '-ని'ని మింగేస్తుంది. నిజజీవితంలో కుక్కలే పిల్లులను తరుముతాయి కాబట్టి లోకజ్ఞానమూ ఆ తప్పుకే వంత పాడుతుంది.

ఈ ధోరణిని వివరించిన బిల్ వాన్‌పాటెన్ దానికి తగ్గ బోధనా పద్ధతినీ రూపొందించారు. రెండు బొమ్మలు చూపిస్తారు: ఒకదాంట్లో కుక్క పిల్లిని తరుముతోంది, రెండోదాంట్లో పిల్లి కుక్కను తరుముతోంది. వాక్యం విని సరైన బొమ్మను ఎంచుకోవాలి. '-ని' ఎక్కడుందో గమనిస్తే తప్ప సమాధానం దొరకదు. అభ్యాసం తయారుచేసేవారు ఎక్కువగా పొరబడేదీ ఇక్కడే. 'అమ్మాయి యాపిల్‌ని తిన్నది' లాంటి వాక్యం ఇస్తే, యాపిల్ అమ్మాయిని తినదు కాబట్టి ప్రత్యయం వినకుండానే జవాబు వచ్చేస్తుంది. అభ్యాసం జరిగినట్టే ఉంటుంది, నేర్చుకున్నది మాత్రం ఏమీ ఉండదు.

స్వెయిన్ సూచించింది మరో దారి. ఒక విషయం చెప్పబోయి మాట అందక ఆగినప్పుడే, తనకు ఏది తెలియదో విద్యార్థికి తెలుస్తుంది. ఆ తర్వాత అదే రూపం వినబడితే చెవి పట్టుకుంటుంది. దీనికోసం తరగతిలో వాడే డిక్టోగ్లాస్ అనే అభ్యాసం చాలా సులువు. టీచర్ ఒక చిన్న పేరాను మామూలు వేగంతో రెండుసార్లు చదువుతారు. విద్యార్థులు ముఖ్యమైన మాటలే రాసుకుని, ఇద్దరిద్దరు కలిసి పేరాను తిరిగి కడతారు. చివర తమదాన్ని అసలు పేరాతో పోల్చుకుంటారు. అప్పుడు కనబడే తేడాల్లోనే అసలు పాఠం ఉంటుంది. నిదానంగా, ఆగి ఆగి చదివితే ఇది మామూలు డిక్టేషన్ అయిపోతుంది, ఇక తిరిగి కట్టాల్సిన పనే ఉండదు. పేరా మరీ పొడవైతే రూపం సంగతి అటుంచి విషయమే గుర్తుండదు.

తప్పును ఎలా దిద్దాలి

పరిశోధనకూ తరగతి అలవాటుకూ ఎక్కువ దూరం కనబడేది ఈ విషయంలోనే. ఒక సంభాషణ చూడండి:

విద్యార్థి: 'ఎస్టర్‌డే ఐ గో టు ది లైబ్రరీ.'
టీచర్: 'ఓ, యు వెంట్ టు ది లైబ్రరీ?'
విద్యార్థి: 'యస్, సర్. ఐ గో విత్ మై ఫ్రెండ్.'

టీచర్ తప్పు దిద్దాననుకున్నారు. విద్యార్థి మాత్రం తాను లైబ్రరీకి వెళ్లిన సంగతిని టీచర్ నిర్ధారించుకుంటున్నారనుకుని 'యస్' అన్నాడు. సరిచేసిన రూపంతో మాటను తిరిగి చెప్పే ఈ పద్ధతికి రీకాస్ట్ అని పేరు. రాయ్ లిస్టర్, లీలా రాంటా 1997లో నాలుగు ఇమ్మర్షన్ తరగతులను పరిశీలిస్తే, టీచర్ల దిద్దుబాట్లలో 55 శాతం రీకాస్టులే. వాటిలో విద్యార్థి ఏదో ఒక రకంగా స్పందించినవి 31 శాతం. సరైన రూపం చెప్పకుండా, విద్యార్థి నోటి నుంచే రాబట్టే ప్రయత్నం చేసిన ప్రతిసారీ స్పందన వచ్చింది. అన్ని స్పందనలూ సరైనవి కావు గానీ, తప్పు జరిగిందన్న సంగతి మాత్రం విద్యార్థికి చేరింది.

రాబట్టడం అంటే ఇలా:

టీచర్: 'ఎస్టర్‌డే ఐ...?' (అని ఆగి చూస్తారు)
విద్యార్థి: 'వెంట్. ఐ వెంట్ టు ది లైబ్రరీ.'

తేడా రెండు మూడు సెకన్లే. ఆ వ్యవధిలో విద్యార్థి జ్ఞాపకంలోంచి రూపాన్ని వెతికి తెచ్చుకున్నాడు. మాట్లాడేటప్పుడు అవసరమయ్యే పని సరిగ్గా అదే. అయితే దీనికో షరతుంది: ఆ రూపం అప్పటికే నేర్పి ఉండాలి. అసలు తెలియనిదాన్ని రాబట్టాలని చూస్తే విద్యార్థి నలుగురిలో నోరు మూసుకుని నిలబడాల్సి వస్తుంది, అప్పుడు రీకాస్టే మేలు. టీచర్, విద్యార్థి ఎదురెదురుగా కూర్చుని ఒకే అంశంపై పనిచేసిన ప్రయోగాల్లో రీకాస్టులు బాగానే పనిచేశాయి, ఎందుకంటే అక్కడ దృష్టి మళ్లే అవకాశం తక్కువ. 40 మంది ఉన్న గదిలో ఆ ఫలితాన్ని ఆశించలేం.

రాతలో దిద్దుబాటు వృథా అని, హానికరమని కూడా జాన్ ట్రస్కాట్ 1996లో వాదించారు. దానా ఫెరిస్ తదితరులు ఆ వాదనను ఖండించారు. తర్వాతి ప్రయోగాల్లో ఒకటి రెండు అంశాలకే పరిమితమైన దిద్దుబాటు ఫలితమిచ్చినట్టు తేలింది. పేజీ అంతా ఎర్ర ఇంకుతో నింపడాన్ని మాత్రం ఎవరూ గట్టిగా సమర్థించలేదు.

వెంటనే పోని తప్పులు

తప్పులను బద్ధకానికి గుర్తుగా చూడటం మానేసి, నేర్చుకుంటున్న దశకు ఆనవాళ్లుగా చూడాలని పిట్ కార్డర్ 1967లో రాశారు. నేర్చుకునేవారు మాట్లాడేదానికి దానిదైన వ్యవస్థ ఉంటుందని చెబుతూ లారీ సెలింకర్ 1972లో దానికి ఇంటర్‌లాంగ్వేజ్ అని పేరు పెట్టారు. 1974లో హైడీ డులే, మరీనా బర్ట్ స్పానిష్, చైనీస్ మాట్లాడే పిల్లలు ఇంగ్లీషు నేర్చుకునే తీరును పోల్చారు. మాతృభాషలు అంత భిన్నమైనా రూపాలు పట్టుబడిన క్రమం దాదాపు ఒకటే. '-ఇంగ్' తొందరగా వచ్చింది, 'షి వర్క్స్'లోని 'స్' ఆలస్యమైంది. మాతృభాష ప్రభావం అసలు లేదని దీనర్థం కాదు. ఆర్టికల్స్ లేని భాషల వారికి 'ఎ', 'ది' ఎక్కువకాలం ఇబ్బంది పెడతాయని తర్వాతి పరిశోధనలు చూపాయి.

పాఠ్య ప్రణాళిక వేసేవారికి మన్‌ఫ్రెడ్ పీనెమాన్ పని మరీ ముఖ్యమైనది. జర్మన్ నేర్చుకునే పిల్లలకు ఒక వాక్య నిర్మాణం నేర్పితే, దాని ముందు మెట్టు దాకా వచ్చినవారు అందుకున్నారు. ఆ మెట్టుకు రానివారికి అదే పాఠం అంటలేదు. పాఠ్యపుస్తకం మొదటి నెలలో 'స్' నేర్పిందంటే రెండో నెలకు అది మాటల్లో కనబడాలని ఆశించకూడదు.

పదాలు: ఎన్ని కావాలి, ఎలా నిలుస్తాయి

పాల్ నేషన్ 2006 లెక్కల ప్రకారం ఇంగ్లీషు నవల, వార్తాపత్రిక వంటివి ఎవరి సాయమూ లేకుండా చదవాలంటే 8,000 నుంచి 9,000 పద కుటుంబాలు కావాలి. మాటలు వినడానికి 6,000 నుంచి 7,000 కావాలి. (వర్క్, వర్క్స్, వర్కర్ ఒకే కుటుంబం.) పాఠంలోని పదాల్లో 98 శాతం తెలిసి ఉండాలన్నది ఈ లెక్కకు ఆధారం, అంటే ప్రతి 50 పదాలకు తెలియనిది ఒక్కటే. 80 శాతమే తెలిస్తే ప్రతి ఐదు పదాల్లో ఒకటి గుడ్డిచుక్క. ఆ స్థాయిలో మార్సెల్లా హు అనే పరిశోధకురాలు, నేషన్ కలిసి పరీక్షించినవారిలో ఒక్కరికీ కథ సరిగా అర్థం కాలేదు. ఆరంభ దశలో ఉన్నవారిని రోజూ పేపరు చదవమనే సలహా అందుకే ఫలించదు. వాళ్లకు పదాలను పరిమితం చేసి రాసిన గ్రేడెడ్ రీడర్లు కావాలి.

పదం నిలవడానికి ఏం చేయాలన్నదానిపై ఆధారాలు చాలా స్పష్టంగా ఉన్నాయి. జెఫ్రీ కార్పికే, హెన్రీ రోడిగర్ 2008లో విద్యార్థులకు 40 స్వాహిలీ పదాలు నేర్పారు. ఒకసారి సరిగా చెప్పిన పదాన్ని ఆ తర్వాత కూడా పరీక్షిస్తూ వచ్చిన బృందాలు వారం తర్వాత 80 శాతం దాకా గుర్తుంచుకున్నాయి. పరీక్షించడం ఆపిన బృందాలు 35 శాతం దగ్గర ఆగిపోయాయి. వాటిలో ఒక బృందం ఆ పదాలను చదవడం కొనసాగించినా పెద్దగా తేడా రాలేదు. తమకెన్ని గుర్తుంటాయని ముందే అడిగితే అన్ని బృందాలూ దాదాపు ఒకే అంచనా చెప్పాయి. చదివితే వచ్చేసినట్టనిపిస్తుంది, ఆ అనిపించడాన్ని నమ్మడానికి లేదు.

రెండోది ఎడం. హ్యారీ బారిక్ కుటుంబ సభ్యులు నలుగురు తమపైనే చేసుకుని 1993లో ప్రచురించిన అధ్యయనంలో, 300 పరభాషా పదాలను 14, 28, 56 రోజుల ఎడంతో పునశ్చరణ చేశారు. 56 రోజుల ఎడంతో 13 సార్లు చేసినవి, 14 రోజుల ఎడంతో 26 సార్లు చేసినవి ఏళ్ల తర్వాత కూడా దాదాపు సమానంగా గుర్తున్నాయి. సగం శ్రమతో అదే ఫలితం వచ్చింది. ఎంత ఎడం ఇవ్వాలన్నది ఎంతకాలం గుర్తుండాలన్నదాన్ని బట్టి ఉంటుందని నికొలస్ సెపెడా బృందం 2008లో చూపింది. వారం తర్వాత పరీక్ష అయితే ఒకటిన్నర నుంచి మూడు రోజులు, ఏడాది తర్వాతైతే మూడు నుంచి ఐదు వారాలు. అయితే వాళ్లు నేర్పినవి భాషా పదాలు కావు, సాధారణ విజ్ఞానాంశాలు.

ఆచరణలో తేలికైన మార్గం కార్డులు. ఒకవైపు అర్థం, మరోవైపు పదం. అర్థం చూసి పదాన్ని పైకి పలికాకే కార్డు తిప్పాలి. తిప్పి చూసి 'ఇదే కదా' అనుకుంటే అది గుర్తుతెచ్చుకోవడం కాదు, గుర్తుపట్టడమే. రంగుల పేర్లు, వారాల పేర్లు వంటివన్నీ ఒకే రోజు కలిపి నేర్చుకుంటే ఒకదానికొకటి అడ్డుపడతాయి, పాఠ్యపుస్తకాలు మాత్రం వాటిని అలాగే గుంపుగా ఇస్తుంటాయి.

వయసు సంగతి

చిన్న వయసులో వలస వెళ్లి, చుట్టూ ఆ భాషే ఉన్నచోట పెరిగినవారు చివరికి ఎక్కువ స్థాయికి చేరతారన్నది బలమైన నిర్ధారణే. వేగం మాటకొస్తే పరిస్థితి తిరగబడుతుంది. నెదర్లాండ్స్‌లో డచ్ నేర్చుకుంటున్న ఇంగ్లీషువారిని కేథరిన్ స్నో, మరియన్ హూఫ్‌నాగెల్-హోలె 1978లో పరిశీలించారు. మొదటి నెలల్లో పెద్దలు, కౌమార వయసువారే చిన్నపిల్లల కన్నా ముందున్నారు. బార్సిలోనాలో కార్మెన్ మున్యోస్ బృందం 8 ఏళ్లకు, 11 ఏళ్లకు ఇంగ్లీషు మొదలుపెట్టినవారిని 200, 416, 726 గంటల బోధన తర్వాత పోల్చింది. గంటలు సమానమైనప్పుడు ఆలస్యంగా మొదలుపెట్టినవారిదే పైచేయి. పిల్లలు భాషను తెలియకుండానే పీల్చుకోవాలంటే వేల గంటలు కావాలి, తరగతి గది అన్ని గంటలు ఇవ్వలేదు.

పెద్దవారి చెవి కూడా పూర్తిగా మూసుకుపోదు. జపనీయులకు ఇంగ్లీషు 'ర', 'ల' తేడా వినబడేలా చేసిన శిక్షణలు 1990ల్లో వరసగా వచ్చాయి. ఒక్క ధ్వనిలోనే తేడా ఉన్న పదాల జంటలను అనేక గొంతులతో వినిపించి, ఏది విన్నారో చెప్పించి, తప్పొప్పులు వెంటనే చూపేవారు. వినడం మెరుగవడమే కాదు, పలకడమూ మెరుగైంది. ఒక్క గొంతుతో శిక్షణ ఇస్తే ఆ గొంతుకే అలవాటుపడి, కొత్తవారు మాట్లాడితే మళ్లీ తికమకపడే అవకాశం ఉంది.

గంటలు ఎక్కడ పెట్టాలి

అమెరికా విదేశాంగ శాఖ తన దౌత్యాధికారులకు భాషలు నేర్పడానికి ఇంగ్లీషువారి కోణం నుంచి వేసుకున్న లెక్క ఉంది. వృత్తిపరంగా పనికొచ్చే స్థాయికి తెలుగుకు సుమారు 44 వారాలు, 1,100 తరగతి గంటలు, జపనీస్, అరబిక్ వంటివాటికి 2,200 గంటలు. వారానికి 45 నిమిషాల పీరియడ్లు మూడు, ఏడాదికి 36 వారాలు అనుకుంటే బడిలో దొరికేది 81 గంటలు. 1,100 గంటలు నిండాలంటే 13 ఏళ్లు దాటుతుంది, మధ్యలో సెలవుల్లో మరిచిపోయేది అదనం.

కోర్సు సమయాన్ని అర్థం కోసం వినడం-చదవడం, అర్థం కోసం మాట్లాడటం-రాయడం, రూపంపై దృష్టి, తెలిసినదాన్నే ధారాళంగా వాడటం అని నాలుగు సమభాగాలుగా పంచాలని నేషన్ ప్రతిపాదించారు. ఎక్కువ తరగతుల్లో మూడో భాగమే మొత్తాన్ని ఆక్రమిస్తుంది. నాలుగోది అసలే ఉండదు. దానికి 4/3/2 అనే అభ్యాసం సరిపోతుంది: ఒకే విషయాన్ని ఒకరికి 4 నిమిషాల్లో, ఇంకొకరికి 3 నిమిషాల్లో, మూడోవారికి 2 నిమిషాల్లో చెప్పాలి. ప్రతిసారీ వినేవారు మారతారు కాబట్టి మళ్లీ చెప్పడానికి అర్థం ఉంటుంది. విషయం పూర్తిగా తెలిసినదై ఉండాలి, కొత్త పదాలు పెట్టకూడదు. విషయమే కొత్తదైతే విద్యార్థి ఆలోచనతోనే సతమతమై, వేగం పెరగాల్సిన చోట మౌనం పెరుగుతుంది.

మొదటి భాగంలో చాలావరకు తరగతి బయటికి పంపవచ్చు, పుస్తకాలు అందుబాటులో ఉంటే. వార్విక్ ఎలీ, ఫ్రాన్సిస్ మాంగుభాయ్ ఫిజీలోని గ్రామీణ బడులకు ఆసక్తికరమైన కథల పుస్తకాలు ఇచ్చి, రోజూ 20 నుంచి 30 నిమిషాలు చదివించారు. 1983లో వెలువడిన ఫలితాల్లో ఆ పిల్లలు చదవడంలో, వినడంలో పాత పద్ధతి పిల్లల కన్నా బాగా ముందుకెళ్లారు. చదవడం, పదాల పునశ్చరణ ఒంటరిగా చేయగలిగినవి. ఎదుటి మనిషితో మాట్లాడటం, చెప్పలేక ఆగినచోట సాయం అందడం, తప్పును రాబట్టి దిద్దించుకోవడం మాత్రం ఒంటరిగా కుదరవు. ఉన్న 81 గంటల్లో టీచర్ సమయం ముందుగా వెళ్లాల్సింది వీటికే.